తుపాకి గొట్టంలో తెల్ల పీలిక

రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చేయి నిదానం.

నా భర్త కృపాదానం కృష్ణపట్నం దగ్గర రొయ్యల గుంటలకు రైఫిల్‌తో కాపలా కాసేవాడు. ఉప్పుగాలికి గొట్టం తుప్పు పడుతుందని రోజూ చీకటి పడగానే నా పాతచీర చించి, ఆ పీలిక నూనెలో తడిపి, కడ్డీతో లోపల తుడిచేవాడు. ఆయన పోయి ఆర్నెల్లయింది. తుపాకి పోలీసు స్టేషన్లో అప్పగిస్తేనే నేను గుంటల కాడి ఆ ఒంటరి ఇల్లు వదిలి కూతురి దగ్గరికి పోగలను. ముందురోజు పొద్దుగూకినాక కూతురు ఆనందకుమారి గొట్టం లోపల చూసేదానికి ఫోనుకు తగిలించే చౌకరకం కెమెరా తీగ తెచ్చింది.

"తుప్పుంటే ఎస్సైగారు తిట్టేది నిన్నే, నాన్నను కాదు," అని నవ్వింది.

కరెంటు పోయి గుంటల్లో మోటార్లు ఆగినాయి. సముద్రం హోరు ఒక్కటే వినిపిస్తోంది. తీగ లోపలికి పోయింది. ఫోనులో గొట్టం అద్దంలా మెరిసింది.

"ఎవురు తుడిచినారమ్మా?"

"ముట్టుకునేదానికి ఇంట్లో ఎవురుండారు?"

ఇంకాస్త లోపల తెల్లగా ఏదో అడ్డుపడింది. కడ్డీతో తోస్తే గుడ్డ పీలిక బయటపడింది. ఇంకా ఆరని నూనె వేళ్లకంటింది. దాని వెండిజరీ అంచు నేను గుర్తుపట్టినాను. అది నా పెళ్లి తెల్లచీర.

"అమ్మా, ఈ చీర నాన్న మీద కప్పే కదా పెట్టె మూసినాము?"



తెల్లారి తుపాకి ఇచ్చేసినాము. కూతురింట్లో తుపాకి లేదు. అయినా చీకటి పడగానే, నా బీరువాలో చీర చిరుగుతున్న చప్పుడు.

దీవెనమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది నెల్లూరు.