సొంత నోటి మాట

"పిడుగు పడలేదు సార్. ఆ వాక్యం కొట్టెయ్యిండ్రి," అంది దీనమ్మ.

వరంగల్ జిల్లా విజ్ఞాన సర్వస్వం కమిటీ ఆ ఆదివారం 'ర' అక్షరం దగ్గరికి వచ్చింది. జీతం బత్తెం లేని కొలువు అది. చదువుకున్నవాళ్లు ఆరేడుగురు గ్రంథాలయంలో కూర్చుని జిల్లాలో పుట్టిన గొప్పవాళ్ల గురించి రాయడం, ఒకరు రాసింది ఇంకొకరు కొట్టెయ్యడం, మధ్యలో చాయ్ తాగడం. 'ర' అంటే మాజీ మంత్రి రాజేశ్వర్ రావు. ఎమర్జెన్సీకి ముందు నర్సంపేట దారిలో ఆయన దగ్గరుండి కట్టించిన బడి, మొదటి వానాకాలమే కూలి పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో, ఈ కమిటీలోనే ఉన్న దీనమ్మ టీచరు కొడుకు దానియేలు ఒకడు.

రాసిన ప్రతిలో మాత్రం ఇలా ఉంది: "పిడుగుపాటుకు బడి కూలిన విషాద సమయంలో ఆయన బాధితులను ఓదార్చారు."

"ఆనాటి పేపర్ల పిడుగనే ఉన్నది టీచరమ్మా," అన్నాడు అధ్యక్షుడు సారంగపాణి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మెత్తనివాడు. "అచ్చయినదాన్ని కాదనాలంటే ఆధారం కావాలె."

"నేనే ఆధారం సార్. ఆ గోడ పెళ్లలు ఈ చేతులతోనే ఎత్తిన. సిమెంటు లేదు, ఏం లేదు, అంత మట్టే. గోరుతోని గీకితే రాలింది."

"మీరు కన్నతల్లి. దుఃఖంల ఉన్న మాట ఆధారమెట్లయితది?"

"పిడుగంటే దేవుడేసిండని గద సార్!" అంది దీనమ్మ. "నా దేవుడు పసిపిల్లల మీద పిడుగులెయ్యడు. రేపు నేను పోయినా ఈ బుక్కు ఉంటది. నా కొడుకును దేవుడే చంపిండని ఉంటది."

అందరికీ జాలిగానే ఉంది. కానీ రాజేశ్వర్ రావు కుర్చీలో ఇప్పుడు ఆయన అల్లుడు కూర్చున్నాడు, అందుకని భయంగా కూడా ఉంది. జాలికీ భయానికీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

మామకు మొన్నటిదాకా, అల్లుడికి నిన్నటి నుంచీ నమ్మినబంటు అయిన కిషన్ రావు గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో ముచ్చట గూడ కలపాలె సార్. నిజాం జమానాల రాజేశ్వర్ రావు సారు జైలుకు పోయిండు."

"ఏ జైలుకు?" అంది దీనమ్మ.

"అది నాకెట్ల తెలుస్తది? పోయిన అని సారే చెప్పిండు."

దీనమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఏం న్యాయమిది? కన్నతల్లి మాట చెల్లది గని, ఆయన గొప్పలు ఆయన చెప్పుకుంటే చెల్లుతదా? తీర్మానం రాయిండ్రి సార్. ఎవ్వలైనా సరే, తన గురించి తను చెప్పుకున్న మాట ఆధారం కాదు."

సారంగపాణికి ఇది ఎంతో సబబుగా తోచింది. ఎవరి మీదా నింద లేదు, ఎవరికీ కోపం రాదు. వెంటనే రాశాడు. అందరూ సంతకాలు చేశారు. కిషన్ రావు కూడా సణుగుతూనే చేశాడు. ఓడిపోయిన చోట ఈ మాత్రమైనా అడ్డం పడగలిగానని దీనమ్మ కళ్లు తుడుచుకుంది.

అప్పుడే బయట జీపు ఆగింది. డ్రైవరు భుజం పట్టుకుని రాజేశ్వర్ రావు లోపలికి వచ్చాడు. ఆయనకు పేగుల్లో పుండని, దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని ఊరంతా తెలుసు. అందరూ లేచి నిలబడ్డారు. దీనమ్మ లేవలేదు.

"కూసోండ్రి. నా గురించి రాస్తాన్రట గద," అన్నాడాయన ఆయాసపడుతూ. "ఆ పిడుగు ముచ్చట తీసెయ్యిండ్రి. పిడుగు లేదు గిడుగు లేదు. బడికి పర్మిటు మీద వచ్చిన సిమెంటు నేనే బ్లాకుల అమ్ముకున్న. మట్టితోని కట్టిచ్చిన. పేపరోళ్లకు పిడుగని చెప్పింది గూడ నేనే. నిద్ర పడుతలేదయ్యా. పొయ్యేముందు ఇదొక్కటి రాయిండ్రి."

దీనమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఇన్నేళ్లుగా తనొక్కతే మోసిన మాటను ఇంకొకరు పైకి అన్నారు. ఆ వాక్యం ఉన్న కాగితం సారంగపాణి ముందుకు జరిపింది. "రాయిండ్రి సార్!"

"సారుకు పానం బాగలేదు. ఏదేదో మాట్లాడుతాండు," అన్నాడు కిషన్ రావు కంగారుగా.

సారంగపాణి కలం ఎత్తాడు. కిటికీలోంచి జీపు మీద అల్లుడి పార్టీ జెండా కనిపించింది. కలం మెల్లగా కింద పెట్టాడు. గండం గడిచి పిండం బయటపడ్డ నెమ్మది ఆయన మొహంలో కనిపించింది.

"క్షమించాలె సార్. మీ గురించి మీరు చెప్పిన మాట చెల్లదు. ఇప్పుడే తీర్మానమైంది."

"మార్చుండ్రి ఆ తీర్మానం!"

"మార్చాలంటే అందరూ ఒప్పుకోవాలె సార్."

కిషన్ రావు కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగతావాళ్లు తలలు దించుకున్నారు.

రాజేశ్వర్ రావు బల్ల మీద చెయ్యి వేసి, దగ్గు తెర ఆపుకుంటూ అరిచాడు. "పాపం ఒప్పుకుందామన్నా దిక్కులేకుండ చేసిన్రు గదనే! ఎవ్వలు పెట్టిన్రు గసొంటి తీర్మానం?"

"నేనే సార్," అంది దీనమ్మ. "ఆ బడిల పోయిన దానియేలు తల్లిని."