అమ్మవారి బొమ్మ పసుపు ప్యాకెట్

పూర్వం పసుపు ప్యాకెట్ మీది అమ్మవారిని చెత్తబుట్టలో వెయ్యలేక ఆడవాళ్లు తెగ మథనపడేవారు. ఎవరి మనోభావాలూ దెబ్బతినకూడదని కంపెనీలు కొత్తరకం ప్యాకెట్లు తెచ్చాయి. మురికి సోకితే బొమ్మ మాయమవుతుంది, శుభ్రమైన చోట మళ్లీ కనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే వకుళ కొత్త ప్యాకెట్ తెచ్చి వంటగట్టు మీద పెట్టగానే అమ్మవారు కాస్తా మాయమైంది.

"చూశావా, నీ వంటింట్లో అమ్మవారు కూడా నిలవలేకపోయింది!" అని మొగుడు పుండరీకం పడీపడీ నవ్వాడు.

వకుళకి తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం దాకా గట్టంతా తోమితోమి కడిగింది. అమ్మవారు చిరునవ్వుతో తిరిగొచ్చింది.

"ఏదీ, చూడనీ" అంటూ పుండరీకం ప్యాకెట్ అందుకున్నాడు. వేళ్లు తగిలీతగలగానే బొమ్మ మళ్లీ మాయమైంది.

వకుళ తువ్వాలు తెచ్చి అతని భుజాన వేసింది.

"ముందు స్నానం కానివ్వండి. అమ్మవారు లోపలికి రాలేక బయట నిలబడి ఉంది."