డ్రమ్ములు మోగే చోటు

అన్నయ్య వేలు కదిలింది.

వాడు ప్రాణం పెట్టుకున్న రాక్ బ్యాండు లైవ్ ఆల్బమ్‌లో డ్రమ్ముల వాడు ఒక్కడే చెలరేగిపోయే చోటు అది. వేలు సరిగ్గా ఆ దెబ్బలకే తాళం వేస్తోంది. బండి మీంచి పడి స్పృహ తప్పాక వాడిలో కదలిక చూడటం ఇదే మొదటిసారి.

ఇష్టమైనవి వినిపిస్తూ ఉండమని డాక్టరు అంటే, పరుపు మీద వాడి చేతి పక్కనే స్పీకర్ పెట్టాను. ఇదే ఆల్బమ్ ఎందుకంటే, “స్టూడియో పాటలు ఇస్త్రీ చొక్కాలురా, ఇది చెమట పట్టిన చొక్కా” అనేవాడు.

కింద మందుల షాపుకు వెళ్ళిన అమ్మకు ఫోన్ చేశాను. “అమ్మా, అన్నయ్య వేలు కదుపుతున్నాడు!”

“వచ్చేస్తున్నా నాన్నా. పాట మాత్రం ఆపకు.”

నా కేకకు నర్సు పరిగెత్తుకొచ్చింది. కాసేపు చూసి, స్పీకర్‌ను మెల్లగా ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టింది.

డ్రమ్ములు అంతే గట్టిగా మోగుతున్నాయి. జనం ఈలలు వేస్తున్నారు. వేలు ఆగిపోయింది.

“పరుపు అదురుతోంది బాబూ, అంతే” అంది.

“ఇంకొక్కసారి చూడండి సిస్టర్.”

మళ్ళీ పరుపు మీద పెట్టింది. వేలు కదిలింది. తీసింది. ఆగింది.

వరండాలో అమ్మ చెప్పుల చప్పుడు. ఎవరినో ఆపి, “మావాడికి తెలివొచ్చిందండీ” అని చెబుతోంది.

నర్సు నా వంక చూసి తల తిప్పుకుంది.

నేను పాటను వెనక్కి, డ్రమ్ముల దగ్గరికి జరిపాను. స్పీకర్ తెచ్చి అన్నయ్య చేతి పక్కన పెట్టి, సౌండు ఇంకాస్త పెంచాను.