గీత వెడల్పు

"బోర్డు మీద రాగి గీత వెడల్పు తప్పేశావు. ఇంపెడెన్స్ కుదరక సిగ్నల్ వెనక్కి తన్నేస్తోంది," అని అక్క మీటింగులో అందరి ముందూ చెల్లెల్ని కడిగేసింది. రాడార్ బోర్డు పనిలోంచి చెల్లెల్ని తప్పించారు.

సాయంత్రం అక్క ఆ బోర్డును కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. రాగి గీత లెక్క ప్రకారమే ఉంది. దాని కింది ఇన్సులేటర్ పొరే పలచన. పొర మందాన్ని బట్టే గీత వెడల్పు ఉండాలి. బరువు తగ్గుతుందని పలచటి పొర తెప్పించింది తనే. ఆ సంగతి చెల్లెలికి చెప్పడం మరిచిపోయింది.

ఒప్పేసుకుందామని గబగబా వెళ్లింది. చెల్లెలు బల్ల ఖాళీ చేస్తోంది. పక్కనే మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఎంత వెతికినా నా తప్పెక్కడో దొరకట్లేదక్కా. నన్ను ఈ ఉద్యోగంలో చేర్పించినందుకు నీ పరువు తీశాను. మనసులో పెట్టుకోకు."

అక్క ఓసారి మేనేజరు వైపు చూసింది.

"పోనీలే," అంది. "ఇకనైనా జాగ్రత్తగా ఉండు."