నొక్కి పట్టాల్సిన చోటు

తొడలో కత్తి దిగినవాణ్ణి గాడిద బండి మీద వేసుకొచ్చేవాళ్ళు. వెనకే చెయ్యి తెగి వేలాడుతున్న ఇంకొకడు. హర్బీ వాళ్ళకూ దియాబ్ వాళ్ళకూ తాతల నాటి పగ. కైరో నుంచి ఈ దక్షిణపు పల్లెకు వచ్చిన డాక్టర్ షాహిందాకు ఆసుపత్రి గచ్చు మీద నెత్తురు కడిగించడంతోనే సరిపోయేది. చాలామంది బతికేవాళ్ళు. కొందరు మాత్రం దారిలోనే నెత్తురోడి పోయేవాళ్ళు.

అది చూడలేకే రెండు ఇళ్ళ మగవాళ్ళకూ నెత్తురు ఆపడం నేర్పింది. అందరిలోకీ చురుకైనవాడు ఉమ్ బఖీత్ కొడుకు బఖీత్. బొగ్గుతో తన తొడ మీద గీత గీసుకుని మరీ అడిగాడు.

“ఇక్కడ తెగితే ఎంతసేపుంటాడు డాక్టరమ్మా?”

“ఎంతోసేపు ఉండడు. అందుకే సరిగ్గా అక్కడే నొక్కి పట్టాలి.”

ఏడాది తిరిగింది. ఆసుపత్రికి కత్తిపోటు కేసు ఒక్కటీ రాలేదు. కత్తిపోటుకు పోయినవాడి కోసం ఊళ్ళో పరామర్శ గుడారం ఒక్కటీ లేవలేదు. జిల్లా అంతటా ఇదే నేర్పిద్దామన్నారు పైవాళ్ళు. పెద్ద డాక్టరు మాత్రం అడ్డం పడ్డాడు.

“అంకెలకు నోరుండదమ్మా. వెళ్ళి మనుషుల్ని అడిగి రా. నువ్వు సరేనంటే సంతకం పెట్టేస్తా.”

షాహిందా సంబరంగా బయలుదేరింది. ఏ గుమ్మం ఎక్కినా టీ ఇచ్చారు, చల్లగా ఉండమని దీవించారు. పడుచువాళ్ళు మాత్రం పెద్దగా కనబడలేదు. ఎవరిని కదిపినా “కువైట్ వెళ్ళాడు” అన్నారు. నాలుగు డబ్బులొస్తుంటే కొట్లాటలెందుకుంటాయిలే అనుకుంది.

చివరికి ఉమ్ బఖీత్ ఇల్లు.

“మన బఖీతూ కువైటేనా పిన్నీ?”

ముసలమ్మ టీలో చక్కెర కలిపి ఆమె ముందు పెట్టింది.

“బయటివాళ్ళకు అలాగే చెప్తాం. నీ దగ్గర దాపరికమేముంది? పగ తీరందే మావాళ్ళు గుడారం వెయ్యరు, పరామర్శ తీసుకోరు. గుట్టుగా పూడ్చేస్తారు. నా కొడుకునీ అలాగే పూడ్చారు.”

ఆ పిల్లవాడంటే షాహిందాకు ప్రాణం.

“ఒక్కరినైనా నా దగ్గరికి తేలేదేం పిన్నీ? నెత్తురు ఆపడం అందరికీ వచ్చు కదా?”

“ఊపిరుంటేగా తెచ్చేది తల్లీ, ఇప్పుడు రెండు ఇళ్ళవాళ్ళూ పొడుస్తున్నది నువ్వు వేలు పెట్టి చూపించిన చోటే.”