ఐదింటిలోగా ఒక సంతకం

"మళ్ళీ ఎర్ర గుర్తే," అంటూ వంశీధర్ లాప్‌టాప్‌ను సురేందర్ వైపు తిప్పాడు. "మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో పచ్చ టిక్కు, ప్రభుత్వ పోర్టల్‌లో ఎర్ర గుర్తు. ఏంటండీ ఇది, రెండూ ఒకటే సంతకం కదా?"

పంజాగుట్టలో డిజిటల్ సంతకాలు తీసిచ్చే సురేందర్ చిన్న దుకాణం అది. ఏసీకి చప్పుడే గాని చల్లదనం లేదు. వంశీధర్ పక్కన అతని వదిన ఉదయలక్ష్మి కూర్చుంది. ఆ సంతకం ఆమెది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఆమె భర్త రఘురామ్ ఎనిమిది కుర్చీలతో మొదలుపెట్టిన కోచింగ్ సెంటర్‌కు, అతను పోయాక ఆమె డైరెక్టర్ అయింది. ఆమె రాజీనామా పోర్టల్‌లోకి ఎక్కితే చాలు, సెంటర్‌ను అమ్మడానికి మరిదికి ఇక అడ్డు లేదు. కొనే బేగంపేట పార్టీ సాయంత్రం ఐదింటి దాకానే ఆగుతానంది. అప్పటికే మూడున్నర.

"ఫికర్ చెయ్యకండి సార్, చూద్దాం." సురేందర్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్ పీకి మళ్ళీ గుచ్చాడు. "జర పిన్ కొట్టండి మేడమ్."

ఉదయలక్ష్మి కొట్టింది. భర్త పోయిన ఈ మూడు నెలల్లో ఆమెకు ఏదీ గట్టిగా తగలడం లేదు. ఏడుపు కూడా రావడం మానేసింది. అత్తగారు జానకీదేవి "సంతకం పెట్టి రామ్మా, గొడవెందుకు" అంటే సరేనంది. ఆ ఇంట్లో కాదన్నాక ఇక ఉండలేరు.

మళ్ళీ ఎర్ర గుర్తు.

సురేందర్ కంప్యూటర్ టైమ్ సరిచూశాడు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాడు. బ్రౌజర్ మార్చాడు. మార్చినప్పుడల్లా ఆమె పిన్ కొట్టింది.

"అసలు తేడా ఎక్కడుందండీ?" అన్నాడు వంశీధర్.

"మీ సాఫ్ట్‌వేర్ మన వాచ్‌మన్ లెక్క సార్. కార్డు మీద ఫోటో చూసి లోపలికి తోలిస్తది. పోర్టల్ అట్ల కాదు, కార్డు ఇచ్చిన ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుతది."

"ఆఫీసేమంటోంది మరి?"

"ఒప్పుకుంటలేదు."

"కొత్త సంతకం తీయించండి."

"రెండు దినాలు పడతది సార్."

వంశీధర్ తల పట్టుకున్నాడు. చాయ్ వచ్చింది. సురేందర్ ఒక కప్పు ఆమె ముందుకు జరిపాడు. "గిది చక్కెర లేంది మేడమ్." ఆమె తలూపి తాగింది. వంశీధర్ చాయ్ చల్లారిపోయింది.

ఐదుంబావుకు ఫోన్ మోగింది. వంశీధర్ బయటికి వెళ్ళి బతిమాలాడు, తర్వాత అరిచాడు, తర్వాత లోపలికి వచ్చాడు.

"అయిపోయింది వదినా. అమీర్‌పేటలోనే ఇంకో సెంటర్ మాట్లాడేసుకున్నారట." అతని ముఖం పాలిపోయింది. "మీరేం చేస్తారులెండి, పాపం. కారు తీసుకొస్తాను."

అతను మెట్లు దిగిన చప్పుడు ఆగింది. ఉదయలక్ష్మి టోకెన్ పీకి బ్యాగులో వేసుకుంది.

సురేందర్ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "మీ కాపీ మేడమ్. పొద్దున ఈడనే మర్చిపోయిన్రు."

తన సంతకాన్ని రద్దు చేయమని ఆమె రాసిచ్చిన దరఖాస్తు అది.