జిప్పుల తాత

పాప ఇంట్లో లేదు.

ల్యాబ్‌లో పని ముగించుకుని ముందుగా వచ్చిన తల్లికి వీధి తలుపు బార్లా తెరిచి కనిపించింది. అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తోంది.

"అత్తయ్యా, పాప ఏది?"

"ఇక్కడే బొమ్మలతో ఆడుకుంటోందిగా..."

తల్లి ఇల్లంతా వెతికింది. మేడ మీద లేదు. వరండాలో లేదు. పక్కింట్లో లేదు.

పరుగున కిందికి దిగింది. మెట్ల కింద గది తలుపు ఓరగా వేసి ఉంది. బ్యాగులకు జిప్పులు వేసే ముసలాయన రెండు నెలల క్రితం అద్దెకు దిగిన గది అది.

తలుపు దబదబా బాదింది. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు.

తోసుకుని వెళ్ళింది.

పాప స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రకరకాల గుండీలు. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, పాప మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి, రెప్ప వెయ్యకుండా ఆ నోటివంకే చూస్తున్నాడు.

తల్లి ఒక్క అంగలో దగ్గరికి వెళ్ళింది. పాపను లాగి చంకనేసుకుంది.

"ఏం చేస్తున్నావ్ నా కూతుర్ని?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆమె మొహంలోకి తేరిపార చూశాడు.

"కాస్త నెమ్మదిగా చెప్పండమ్మా."

"నెమ్మదిగానా? నీకెంత ధైర్యం?"

పాప ఏడుస్తుంటే ఎత్తుకుని పైకి వచ్చేసింది.

తల్లి ఫిర్యాదు చేసింది. సాయంత్రం బిల్డింగు సెక్రటరీ వచ్చాడు.

"ఆ ముసలాడి వెనకాల నిలబడి ఎంత అరిచినా తల తిప్పలేదమ్మా. మిషన్ తొక్కుకుంటూనే ఉన్నాడు. ఎంత పొగరో చూడండి. గది ఖాళీ చెయ్యమని కాగితం రాసి చేతిలో పెట్టొచ్చాను."

నాలుగోనాటికి గదికి తాళం పడింది.

పాపకు నాలుగో ఏడు నడుస్తోంది. తన ఈడు పిల్లలు వసపిట్టల్లా వాగుతుంటే, ఈ పిల్ల నోట పది మాటలు రావడం గగనం. ఈ ఏడు కూడా మాట్లాడకపోతే చేర్చుకోబోమని బడివాళ్ళు చెప్పేశారు.

రోజూ సాయంత్రం తల్లి బొమ్మల కార్డులు ముందేసుకునేది.

"ఇదేంటి? ఏనుగు. అను. ఏ... ను... గు."

పాప పెదాలు బిగించేది. కార్డులు నలభై నుంచి అరవై అయ్యాయి. ఇప్పుడు వాటిని చూస్తే చాలు, మంచం కింద దూరుతోంది.

పదిరోజుల తర్వాత మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ కార్డులు పక్కన పెట్టించింది. చిన్న చొక్కా ఒకటి పరిచి, పక్కన గుండీలు పోసింది. పాపకు ఎదురుగా వంగి కూర్చుంది.

"ఈ చొక్కాకు ఏది పడుతుందమ్మా?"

తల్లి జవాబు అందించబోయింది.

"మీరు ఆగండి."

నిమిషం గడిచింది. పాప గుండీలను అటూ ఇటూ కదుపుతోంది. చివరికి ఒక గుండీని పక్కకు నెట్టి నోరు విప్పింది.

"అది పెద్దది. పట్టదు. దీనికి చిన్నది కావాలి."

టీచరమ్మ నవ్వింది.

"ఎవరు నేర్పారు తల్లీ?"

"జిప్పుల తాత. రోజూ వెళ్తా. నానమ్మ పడుకున్నాక."

"ఏం చెప్తాడు?"

"తాత చెప్పడు. అడుగుతాడు. నేను సరిగ్గా చెప్పేదాకా చూస్తాడు."

టీచరమ్మ తల్లివైపు తిరిగింది.

"పిల్ల నోరు తెరిచేలోపే జవాబు మనమే చెప్పేస్తాం. ఇలా పనిలో కలుపుకుని, ఎదురుగా కూర్చుని, ఆగి వినే మనిషి దొరకడం అదృష్టమమ్మా. ఆయన్ని వదులుకోకండి."

దారంతా తల్లి పాప చెయ్యి వదల్లేదు.

బిల్డింగు ముందు ఒకాయన కుట్టు మిషన్‌ను ట్రాలీలోకి ఎక్కిస్తున్నాడు.

"ఆయన ఏరీ?" గాభరాగా అడిగింది.

"మా అన్నయ్యా? అక్క వాళ్ళింటికి వెళ్ళిపోయాడమ్మా. రెండు రోజుల ప్రయాణం. ఇక పని చెయ్యనన్నాడు."

"ఫోన్ నంబరివ్వండి. ఒక్కసారి మాట్లాడాలి. నాదే తప్పని చెప్పాలి."

ఆయన ఆమెవంక వింతగా చూశాడు.

"ఫోన్లో ఎలా మాట్లాడతాడమ్మా, పదహారో ఏట జబ్బు చేసి రెండు చెవులూ పోయాక, ఎదుటివాళ్ళ పెదాలు చూసే కదా మాట తెలుసుకునేది."